గెలిచిన సైన్యం, ఓడిన ప్రభుత్వం

'ది బాటిల్ ఆఫ్ అల్జీర్స్' సినిమా చూసినవాళ్ళకి అలీ లా పాయింట్ గుర్తుండే ఉంటాడు. 1957 అక్టోబర్‌లో, కస్బా ఇరుకు సందుల్లో అతను దాక్కున్న ఇంటిని ఫ్రెంచి పారాట్రూపర్లు పేల్చేశారు. దాంతో ఆ నగరంలో ఎఫ్.ఎల్.ఎన్. తిరుగుబాటుదారుల యంత్రాంగం కుప్పకూలింది. సైన్యం లెక్కలో అది గెలుపే. కానీ ఐదేళ్ళు తిరక్కుండానే, 1962 జులైలో, ఫ్రాన్స్ అల్జీరియాని వదులుకుంది.

సైన్యానికి అప్పగించిన పని బాంబులు ఆపడం. కేఫుల్లో కూచున్న మామూలు జనాన్ని చంపే బాంబుల్ని ఏ ప్రభుత్వమైనా ఆపాల్సిందే. కాకపోతే బాంబుల వెనకున్న ప్రశ్న వేరు. 1947 చట్టం ప్రకారం అల్జీరియా అసెంబ్లీలో 120 సీట్లు. సుమారు పది లక్షల యూరోపియన్లదే పైచేయిగా ఉన్న ఓటర్ల జాబితాకి 60, వాళ్ళకి దాదాపు ఎనిమిది రెట్లున్న ముస్లింలకి 60. ఆ సగానికైనా 1948లో ఎన్నికలు సవ్యంగా జరగలేదు, అధికారులే రిగ్గింగ్ చేశారు. దీనికి జనరల్ మస్సూ దగ్గర జవాబు లేదు. ఉండాల్సింది పారిస్‌లో. అలర్ట్ మ్యూట్ చేస్తే డాష్‌బోర్డు పచ్చగానే కనిపిస్తుంది, సర్వర్ బాగుపడదు.

అసలు చిక్కు ఇంకోటుంది. అల్జీర్స్ పోలీసు శాఖలో ఉన్నతాధికారి పాల్ తెత్‌జెన్, రెండో ప్రపంచయుద్ధంలో గెస్టాపో చిత్రహింసలు అనుభవించినవాడు. నిర్బంధంలో ఉన్నవాళ్ళ ఒంటిమీద అవే గుర్తులు చూశానని రాసి, 1957లోనే రాజీనామా చేశాడు.

చిత్రహింస పనిచేసింది కదా, పేర్లు బయటికొచ్చాయి కదా అంటారు కొందరు. దేనికోసం పనిచేసింది? మీరూ ఫ్రెంచివాళ్ళే అని అల్జీరియన్లని నమ్మించడం కోసమేగా ఆ యుద్ధం! నమ్మాల్సినవాళ్ళ ఇళ్ళలోకే అర్ధరాత్రి బూట్లు వెళ్ళాయి. గెలిచిన పద్ధతే గెలుపు ఉద్దేశాన్ని తినేసింది.

1958లో అందరికీ ఒకే జాబితా, సమాన ఓటు వచ్చాయి. పదేళ్ళ ముందు అడిగినవాళ్ళకి అది హక్కు. ఇప్పుడు దాన్ని ఇస్తున్న చేతిని వాళ్ళు కస్బాలో చూసేశారు. 1960 డిసెంబర్‌లో, బాంబులు వేసే దళాలేవీ మిగలని అదే నగరంలో, వేలమంది మామూలు జనం ఎఫ్.ఎల్.ఎన్. జెండాలు పట్టుకుని వీధుల్లోకొచ్చారు.

సైన్యం ప్రభుత్వానికి సంపాదించి పెట్టగలిగేది కొంత సమయం మాత్రమే. అందుకే ఎక్కడైనా "తిరుగుబాటు అణిగింది" అన్న వార్త చదివితే రెండు ప్రశ్నలు అడగాలి: ఎలా అణిగింది? అణగకముందు వాళ్ళు అడిగినదానికి ఎవరైనా జవాబు చెప్పారా?