గాజు గదిలో కాస్తే కళ, తండాలో కాస్తే కేసు

ఒకే పనికి ఒకచోట గౌరవం, ఇంకొకచోట శిక్ష ఎందుకు దక్కుతాయి? మన యువకులు ఈ ప్రశ్న వేసుకోవలసిన కాలం వచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల మన పిల్లలు చదువుకనో, కూలికనో, కంపెనీ పనికనో బెంగళూరు పోతున్నారు. కొందరు అక్కడి పెద్ద హోటళ్లలో బల్లలు తుడుస్తున్నారు, వడ్డిస్తున్నారు. నాలుగు డబ్బులు చేతికొచ్చిన వాళ్లు అదే హోటళ్లలో కూర్చుని తింటున్నారు. అక్కడ వాళ్లకు కనిపించేదీ, ఇంటి దగ్గర వాళ్లు చూసిందీ ఒకదానికొకటి పొసగడం లేదు.

బెంగళూరులో 2010 తర్వాత మైక్రోబ్రూవరీలు అనేవి బాగా పెరిగాయి. అంటే బీరును ఫ్యాక్టరీ నుంచి సీసాల్లో తెప్పించకుండా హోటల్లోనే కాచి పోసే చోట్లు. వాటిలో కొన్ని జర్మనీ పద్ధతిలో నడుస్తాయి. మా పాత విద్యార్థులు ఇద్దరు ఒకసారి నన్ను అలాంటి చోటికి భోజనానికి పిలుచుకొని పోయారు. పొడుగాటి చెక్క బల్లలు, గాజు గోడ వెనుక రాగి రంగులో మెరిసే పెద్ద పెద్ద గంగాళాలు. నేను తాగే మనిషిని కాను, తిండి మాత్రం తిన్నాను. ముడివేసినట్టుండే ఉప్పు రొట్టె, పులియబెట్టిన క్యాబేజీ, ఉర్లగడ్డ ముద్ద, పంది మాంసం సాసేజ్‌లు. నేను ఎరుకల ఇంట పుట్టినవాణ్ణి. పందులు మేపుతామనీ, పంది కూర తింటామనీ మా వాడ వైపు ముక్కు మూసుకుని పోయిన మనుషులను చిన్నప్పటి నుంచీ చూశాను. అక్కడ అదే మాంసం తెల్ల పళ్లెంలో వస్తే పక్క బల్లల వాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు.

ఆ పిల్లల్లో ఒకడు సుగాలి తండా వాడు. "ఇది ఐదు వందల ఏండ్ల సంస్కృతి సార్" అని నాకు గర్వంగా చెప్పాడు. వడ్డించే అబ్బాయి "ఏ ఊరు అన్నా మీది?" అని అడిగితే మాత్రం మదనపల్లె అన్నాడు. తండా పేరు వాడి నోట రాలేదు.

వాడు చెప్పిన సంస్కృతి సంగతి నిజమే. 1516లో జర్మనీలోని బవేరియా ప్రభువులు ఒక చట్టం చేశారు. బీరులో బార్లీ, నీళ్లు, హాప్స్ అనే తీగ పూలు తప్ప మరేదీ వేయకూడదన్నారు. అదే చట్టం బీరు ధరకు కూడా హద్దు పెట్టింది. గోధుమలు బీరుకు పోకుండా జనం రొట్టెకు మిగలాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి అంటారు. అంతకు ముందు అక్కడా బీరు ఇంటి పనే, ఎక్కువగా ఆడవాళ్లు కాచేవారు. తర్వాత అది సంఘాల చేతికి, వ్యాపారుల చేతికి పోయింది.

ఇక కాచే పద్ధతి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడతారు. మన ఇళ్లలో పసిబిడ్డలకు రాగులు నానేసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి చేస్తారే, మొదటి మెట్టు అదే. మొలకెత్తిన గింజను నలగ్గొట్టి వేడినీళ్లలో ఉంచితే పిండి చక్కెరగా మారుతుంది. ఆ నీళ్లు వడగట్టి, హాప్స్ వేసి కాచి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే పులుస్తుంది. పులియడానికి కారణం ఈస్ట్ అనే సూక్ష్మజీవి అని 1876లో పాశ్చర్ బీరు మీద రాసిన పుస్తకంలో వివరించాడు. ఆ జీవి పేరు తెలియకపోయినా, ఎన్నాళ్లు పులిస్తే ఏమవుతుందో మన అవ్వలకు తెలుసు.

ఇక్కడ ఒక తేడా దాచకూడదు. బీరు పులిసిన పానీయం. దానికి జోడు కల్లు, జీలుగు కల్లు, మన్యంలో ధాన్యంతో చేసే లంద. సారా అలా కాదు, ఊటను బట్టీ పెట్టి ఆవిరి పట్టి దించేది. దాని జోడు విస్కీ, బ్రాందీ. మత్తు ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. యూరియా కలిపిన బెల్లం ఊట నుంచి దించిన సారాను నేను సంస్కృతి అనలేను.

కానీ చట్టం మన దగ్గరికి వచ్చినప్పుడు ఆరోగ్యం కోసమే వచ్చిందా? 1879లో గోదావరి మన్యంలోని రంపలో తిరుగుబాటు లేచింది. దాని కారణాల్లో ఒకటి కల్లు. అడవి మనిషి తన చెట్టుకు తాను గీసుకునే కల్లు మీద ఆబ్కారీ ఆంక్షలు, చిగురు పన్ను పడ్డాయి. ఆనాటి సర్కారు కల్లును మాన్పించలేదు, గుత్తకిచ్చింది. 1871 నాటి నేరజాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులన్నారు. ఆ ముద్ర 1952లో కాగితం మీద పోయింది. చూసే కళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు. పెట్టుబడి ఉన్నవాడు లైసెన్సు తీసుకుని కాస్తే కళాకారుడు. తండాలో ఊట దొరికితే ఆడమనిషి మీద కేసు, బైండోవర్, వాయిదాలకు కూలి మానుకుని తిరగడం.

దీనికి రెండు తేలిక జవాబులు వినిపిస్తుంటాయి. మొదటిది: మనదీ సంస్కృతే, మనకూ వదిలేయండి. ఈ మాట అనేది ఎక్కువగా తాగేవాడే. తాగొచ్చిన మొగుడి దెబ్బలు తిన్నదాన్నీ, ఫీజు డబ్బు సారాకు పోయి బడి మానుకున్న పిల్లనూ అడిగితే ఇంకో జవాబు వస్తుంది. రెండవది: తాగుడే పాపం, అంతటా మూసేయండి. అలా అనేవాళ్లు ముందు తండాకే పోతారు, గాజు గది దాకా పోరు.

నాకు తోచిన కొలత వేరు. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, నష్టం ఎవరి మీద పడుతోంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేటప్పుడు దూబగుంట ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. రంపలో జనం కోరిందీ, దూబగుంటలో ఆడవాళ్లు కోరిందీ పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. లోపల ఒకటే: మా ఊరి సంగతి మేము తేల్చుకుంటాం. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. అయితే అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే. మన మదనపల్లె, కుప్పం తండాలు ఆ గీతకు బయట ఉన్నాయి. మనకూ అలాంటి సభ కావాలని అడగాలి. అందులో ఆడవాళ్ల మాట ముందు వినాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. కిణ్వనం పాఠం చెప్పేటప్పుడు ఇడ్లీ పిండితో ఆపకండి. మొలకెత్తిన రాగులు తెచ్చి చూపండి. ఇది మీ అవ్వకు తెలిసిన శాస్త్రం అని చెప్పండి. మద్యం లివర్‌ను ఏం చేస్తుందో కూడా ఆ గంటలోనే చెప్పండి. తెలివిని గౌరవించడం, తాగుడును మెచ్చుకోవడం ఒకటి కాదని పిల్లలకు తెలియాలి.

యువకులకు ఇంకో మాట. నీ సంపాదనతో ఎక్కడైనా కూర్చుని తిను, తప్పు లేదు. వడ్డించే పిల్లవాడు నీలాంటి ఊరి నుంచే వచ్చి ఉండొచ్చు, వాడితో మర్యాదగా మాట్లాడు. పక్కవాడి ఐదు వందల ఏండ్ల చరిత్ర తెలుసుకో, మంచిదే. నీ ఊరు ఏదని ఎవరైనా అడిగితే తండా పేరే చెప్పు.