మగ్గం ఎక్కకముందే

అమ్మాయీ,

రేపు పొద్దుటి బస్సుకే పోచంపల్లి వెళ్తున్నానని, అక్కడో పెద్దవయసు నేతకారుడితో ఆదివారం సంచికకు ముఖాముఖి చేసుకొస్తానని నిన్న ఫోన్లో చెప్పావు. నీ గొంతులో ఉత్సాహం వింటే కడుపు నిండింది. ఏం అడుగుతావమ్మా అంటే, "అక్కడికెళ్లాక చూసుకుంటాలే పెదనాన్నా, మాటల్లో మాటగా అవే వస్తాయి" అన్నావు. ఆ మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే పొద్దున్నే కాగితం పట్టుకుని కూర్చున్నాను.

మాటల్లో మాటగా ప్రశ్నలు వస్తాయి, నిజమే. కాని ముందుగా తెలుసుకుని వెళ్లినవాళ్లకే వస్తాయి. నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఒక పెద్దావిడను కలిసి రమ్మని డెస్కు పంపింది. ఆవిడ మజ్జిగ ఇచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టారు. "మీరు ఎన్నేళ్లు జైల్లో ఉన్నారమ్మా?" అన్నాను. ఆవిడ కాసేపు నా ముఖంలోకి చూసి, "అవన్నీ పుస్తకంలో రాశాను నాయనా. చదివి రా, రాయనివి చెబుతాను" అన్నారు. గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పుస్తకం సంపాదించి చదివాను. మళ్లీ కబురు పెట్టేసరికి ఆవిడ మంచాన పడ్డారు. రాయకుండా వదిలేసిన ఆ సంగతులు ఆవిడతోనే పోయాయి. నలభై ఏళ్లయింది, ఆ బాకీ తీర్చే దారి నాకు దొరకలేదు.

ఫోన్లో ఐదు నిమిషాలు వెతికి బస్సెక్కడాన్ని సిద్ధపడటం అనుకోకు. ఒక మనిషి తన బతుకంతా మన ముందు విప్పుతున్నప్పుడు, ఆ బతుకులో ఏముందో కొంతైనా తెలుసుకుని గడప తొక్కడం మనం చూపగల మొదటి మర్యాద. ఎదుటివాళ్లు దాన్ని క్షణంలో పసిగడతారు. అమెరికాలో ఏ.జె. లీబ్లింగ్ అనే విలేకరి 'న్యూయార్కర్' పత్రికకు రాసేవాడు. ఎడీ అర్కారో అనే పేరుమోసిన గుర్రపు జాకీని కలిసినప్పుడు ఆయన మొదట అడిగింది, ఎడమ రికాబును కుడిదానికన్నా ఎన్ని రంధ్రాలు పొడుగు వదులుతావని. అక్కడ గుర్రాలు ఎడమకు తిరుగుతూ పరుగెడతాయి కనుక జాకీలు ఎడమ కాలు కాస్త దించి కూర్చునేవారు. ఆ ఒక్క ప్రశ్నకు అర్కారో గంటసేపు మాట్లాడాడు. నువ్వు జాకీల మధ్య చాలాకాలం తిరిగినట్టున్నావే అన్నాడట. లీబ్లింగ్ తిరిగింది ఆ ముందు వారం మాత్రమే.

మరి పోచంపల్లిలో అలాంటి ప్రశ్న ఏది? నాకు తోచింది చెబుతాను. "మీకు ఈ కళ మీద ఆసక్తి ఎలా కలిగింది?" అని అడగకు. తాతతండ్రుల నుంచి వచ్చిన పని, ఇల్లు గడిపిన పని. "ఈ చీరకు ఆసు పోసింది ఎవరండీ?" అని అడుగు. దారాన్ని మేకుల చుట్టూ తిప్పి లెక్కకు తెచ్చే ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేశారు. చేత్తో పోస్తే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఇటూ అటూ ఆడాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే 1999లో ఆసు యంత్రం తయారుచేసి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇదంతా తెలిసి నువ్వు ఆ ప్రశ్న వేస్తే, ఆ పెద్దాయన లోపలికి తిరిగి భార్యను పిలుస్తాడు. అప్పుడు నీ కథలోకి రెండో మనిషి వస్తుంది.

ఈ రాత్రికి ఇంకా కొన్ని చూసుకో. పడుగు, పేక, చిటికి వంటి మాటలు నీ నోటికి అలవాటు కానీ. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లో వచ్చింది. కొన్ని రకాల బట్టలను మరమగ్గం మీద నేయకూడదని, అవి చేనేతకే చెందాలని 1985లో చట్టం వచ్చింది. ఆ రెండింటి వల్ల ఆయన ఇంటికి ఏం ఒరిగిందో ఆయన్నే అడుగు. ముందు సొసైటీ ఆఫీసుకు వెళ్లి నూలు ధర కనుక్కో. ఆయన సొసైటీకి నేస్తున్నాడా, మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తున్నాడా తెలుసుకో. దుకాణంలో చీర ధర, ఆయన చేతికొచ్చే కూలి పక్కపక్కన రాసుకో. పాత క్లిప్పింగులు చదువు, కాని వాటిని నమ్మి ఊరుకోకు. ఒకరు తప్పు రాస్తే పదిమంది దాన్నే ఎత్తి రాస్తారు. ఆయన పేరు, వయసు, ఇంటిపేరు ఆయన నోటే మళ్లీ చెప్పించుకో.

ఇదే అలవాటు రేపెప్పుడో నువ్వు మంత్రి ముందు కూర్చున్నప్పుడూ కాపాడుతుంది. 1977లో టీవీ ముఖాముఖిలు చేసే డేవిడ్ ఫ్రాస్ట్, అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌తో దాదాపు 29 గంటలు రికార్డు చేశాడు. అంతకుముందే ఫ్రాస్ట్ బృందంలోని జేమ్స్ రెస్టన్ జూనియర్ కోర్టు రికార్డులు తిరగేసి, నిక్సన్ తన సహాయకుడు కోల్సన్‌తో జరిపిన, ఎవరూ పట్టించుకోని సంభాషణలు బయటికి తీశాడు. వాటర్‌గేట్ కుంభకోణం ప్రస్తావన వచ్చినప్పుడు నిక్సన్‌ను కదిలించింది ఆ కాగితాలే. మనకూ అభ్యర్థుల అఫిడవిట్లున్నాయి, కాగ్ నివేదికలున్నాయి, 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. గొంతు పెంచి అడగాల్సిన అవసరమే రాదు తల్లీ, కాగితం చేతిలో ఉంటే మెల్లగా అడిగినా సరిపోతుంది.

ఇంత చదివి వెళ్లి, చదివినదంతా ఆయన ముందు పరచకు. నీకు తెలిసింది నీ ప్రశ్నలో కనబడితే చాలు. ప్రశ్నల కాగితం సంచిలోనే ఉండనీ. రాబర్ట్ కారో, అమెరికా అధ్యక్షుడిగా చేసిన లిండన్ జాన్సన్ జీవితం రాయడానికి టెక్సాస్ కొండసీమలో మూడేళ్లు కాపురమున్న మనిషి, ముఖాముఖిలో తన నోట్‌బుక్‌లోనే 'నోరు మూసుకో' అని పొడి అక్షరాల్లో రాసుకుంటాడు. ఎదుటివాళ్ల మౌనాన్ని తాను మాటలతో నింపేయకూడదని. తరువాత ఏం అడగాలా అన్న బెంగ ఉన్నవాళ్లకు అలా ఊరుకోవడం చేతకాదు. సిద్ధపడి వెళితేనే నిదానంగా వినగలవు.

ఆ ఇంట్లో ఒకటి గమనించు. ఆయన చీర మీది పువ్వు మగ్గం మీద పుట్టదు. నేతకు ముందే దారాన్ని లెక్కగట్టి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా ముడి బిగించి, అద్దకంలో ముంచుతారు. ఆ కట్టు కట్టడమే చిటికి. అక్కడ ముడి జారితే మగ్గం మీద ఎంత నేర్పున్నా పువ్వు చెదురుతుంది. నీ పనీ అంతే.

తొందరగా పడుకో, బస్సు తప్పిపోగలదు. నేసిన ఆ పెద్దాయనకు, ఆసు పోసిన ఆ తల్లికి నా నమస్కారాలు చెప్పు.

నీ పెదనాన్న