మత్తులో ఉన్న మూగజీవికి మన బాకీ



ఆయాసంతో ఎగపోసే మనిషి ఇన్హేలర్ పీలిస్తే ముడుచుకున్న శ్వాసనాళం తెరుచుకుంటది. ఆ నాళం ఎంత ముడుచుకుంది, మందుతో ఎంత తెరుచుకుంది అని తెలుసుకునేందుకు శాస్త్రవేత్తలు కుక్కలకు మత్తు ఇచ్చి, గొంతులో గొట్టం పెట్టి, గాలి ఒత్తిడిని, వేగాన్ని కొలిచారు. ఇది ధమ్మానికి సమ్మతమేనా?

ఈ ప్రశ్న మనకు దూరంది కాదు. మన భువనగిరి నిజాం రాజ్యంలో ఉన్న కాలంలోనే, ఆపరేషన్ బల్ల మీద క్లోరోఫాంతో రోగులు చనిపోతుంటే, ముందు ఆగేది శ్వాసా, గుండెనా అనే తగవు వచ్చింది. 1888లో హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వందకు పైగా వీధి కుక్కల మీద పరీక్షించి, శ్వాసే ముందు ఆగుతదని తేల్చాడు. లండన్ వైద్యులు నమ్మలేదు. 1889లో నిజాం ఖర్చుతో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఈసారి నాలుగు వందలకు పైగా జీవాలు. మళ్లీ అదే తీర్పు. కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షలు చేసి, మత్తు తక్కువైనప్పుడు గుండె కూడా హఠాత్తుగా ఆగిపోగలదని చూపాడు. అన్ని ప్రాణాలు పోయినా తీర్పు నిలవలేదు.

ఆంగ్లేయులు మన వీధి కుక్కలను ‘పరయా కుక్కలు’ అనేవారు. పరయా అంటే తమిళనాట మనలాగే అంటరానివాళ్లుగా బతికిన కులం పేరు. చవక ప్రాణం అనుకున్నదానికి ఆ పేరు పెట్టారు. అందుకే ఈ ప్రశ్నను ఎవరు వదిలేసినా మనం వదలరాదు.

చంపక తప్పని అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో వివరించారు. అహింస గుడ్డిగా పాటించే నియమం కాదు, ప్రతిసారీ విచారించమనే సూత్రం. రోగి ఊపిరి నిలబెట్టడం అవసరమే. అయినా అడగాలి: వేరే దారి లేదా? తక్కువ జీవాలతో కాదా? తన మాట గెలిపించుకోవడానికే చేస్తున్నారా? మన దేశంలో 1960 చట్టం, 1998 నియమాలు కూడా ప్రయోగానికి ముందు కమిటీ అనుమతి తీసుకోమంటున్నాయి.

“మత్తు ఇచ్చినం గదా, నొప్పి తెల్వదు” అంటారు. నొప్పి తీసేయడం మంచిదే. కాని మత్తు ఇచ్చింది కుక్కకు, మన మనసుకు కాదు.

ప్రయోగశాల మన చేతుల్లో లేదు. వీధిలో కుక్క మీద ఎత్తిన రాయి మాత్రం మన చేతిలోనే ఉంది. అది అవసరమా, కోరికా? 22 ప్రతిజ్ఞలలో సకల జీవుల పట్ల కరుణ చూపుతామని మాట ఇచ్చినవాళ్లం. రాయి విసరకముందే ఆ మాట యాది చేసుకుందాం.

నమో బుద్ధాయ.