హద్దు ఎవరిది?

ఢిల్లీలో యమునకు తూర్పున ఉన్న లక్ష్మీ నగర్‌లో స్పోర్ట్స్ కారు ఉంచుకోవడం పైకి అర్థం లేని పనిగానే కనిపిస్తుంది. సీఏ కోచింగ్ సెంటర్లు, అద్దె గదులు, ఈ-రిక్షాలు కిక్కిరిసిన ఆ గల్లీలలోనే కాదు, ఐటీఓ వంతెన వైపు పోయే వికాస్ మార్గ్ మీద సైతం మూడు వందల అశ్వశక్తి ఇంజన్‌కు పూర్తి బలం చూపే అవకాశం రాదు. అయితే వాడని శక్తి మీద ఉండే ఈ మమకారాన్ని ఆడంబరమని కొట్టిపారేయడం తొందరపాటే, ఎందుకంటే ఈ యంత్రమూ దాన్ని నడిపే చేయీ ఎంతవరకు పోగలవన్న ప్రశ్న కూడా అందులో దాగి ఉంది.

ఆ ప్రశ్నను న్యాయంగా అడగగల చోటు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. హెర్మన్ టిల్కే రూపొందించిన, సుమారు 5.1 కిలోమీటర్ల పొడవూ 16 మలుపులూ గల ఈ ట్రాక్ మీద 2011 నుంచి 2013 వరకు ఏటా ఫార్ములా వన్ రేసు జరిగింది, మూడింటా సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఇది క్రీడ కాదు, వినోదమంటూ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పన్ను కోరగా, ఆ వివాదాల నడుమే రేసు నిలిచిపోయింది. చూసేవారికి అది వినోదమే కావచ్చు గాని, స్టీరింగ్ పట్టినవారికి ఆ మాట నప్పదు.

ట్రాక్ డే, అంటే రుసుము చెల్లించి పోటీ లేకుండా సొంత కారును ట్రాక్ మీద నడిపే రోజు, మొదట నేర్పేది వేగం కాదు, బ్రేకు. మూడో మలుపు దాటాక వచ్చే కిలోమీటరుకు మించిన తిన్నని దారిలో వేగం రెండింతలైతే గతిశక్తి నాలుగింతలవుతుంది. నాలుగో మలుపు ముందు దానిలో చాలా భాగాన్ని బ్రేకులు వేడిగా మార్చవలసి రావడంతో, కొన్ని చుట్లకే బ్రేక్ ఆయిల్ మరిగి, అందులో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తబడవచ్చు. ఇక టైరుకు నేల మీద ఉండే పట్టు పరిమితమైనది: ఒకే జీతంలోంచి అద్దె, తిండి రెండూ గడవాల్సినట్టు, బ్రేకుకు ఎంత ఖర్చయితే మలుపు తిరగడానికి అంత తగ్గుతుంది. అందుకే నేర్పరి అయిన డ్రైవరు ఏపెక్స్‌కు, అంటే మలుపులో లోపలి అంచుకు కారు అతి దగ్గరగా వచ్చే బిందువుకు, చేరేలోగా బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ ఆ పట్టును స్టీరింగ్‌కు అప్పగిస్తాడు.

ఇక్కడ హద్దును నిర్ణయించేది రబ్బరు. కానీ ట్రాక్‌కు పక్కనే పోయే యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎంత నున్నగా ఉన్నా, కార్లకు అక్కడున్న గంటకు 100 కిలోమీటర్ల గరిష్ఠ వేగం టైర్ల శక్తిని కొలిచి పెట్టినది కాదు. ముందు పోయే లారీ, పొగమంచు, రోడ్డు అంచున ఆగిన కుటుంబం, ఇవన్నీ ఆ లెక్కలో ఉన్నాయి, ఆ రోడ్డు మీది ఇతరులెవరూ మన హద్దును పరీక్షించే ప్రయోగానికి ఒప్పుకోలేదు. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు దీన్ని తేటతెల్లం చేసింది: నిత్యం జనం తిరిగే వీధులే, అడ్డుగోడలు కట్టి ఇతరులను తప్పించాక ట్రాక్ అయ్యాయి.

కాబట్టి ట్రాక్ ఇచ్చేది స్వేచ్ఛ అనడం సగం నిజమే. అది ప్రమాదాన్ని తెలిసి ఒప్పుకున్నవారి మధ్యకు పరిమితం చేస్తుంది. ఈ సంగతిని తత్త్వవేత్తలకంటే మన సాధారణ మోటారు బీమా పాలసీయే స్పష్టంగా పలుకుతుంది: వ్యవస్థీకృత రేసింగ్‌కూ వేగ పరీక్షకూ వాడిన కారుకు అందులో రక్షణ ఉండదు.