చివరి మూడు పేజీలు

మండపేటలో మా అమ్మమ్మ ఇంటి అటక మీద, ఊరగాయ జాడీల వెనక ఉన్న ట్రంకుపెట్టెలో దొరికింది ఆ నోటు పుస్తకం. ఇల్లు అమ్మేస్తున్నామని మావయ్య కబురు పెడితే సామాన్లు చూసుకోవడానికి అమ్మా నేనూ వెళ్లాం. పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలో అమ్మమ్మ పేరు, పుట్టింటివారి ఇంటిపేరుతో. కింద 1949. అప్పటికి ఆవిడకి పదిహేడేళ్లు, పెళ్లయి రెండేళ్లు. లోపల నలభై మూడు పాటలున్నాయి. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. పాటకీ పాటకీ మధ్య చాకలి పద్దు, ధాన్యం బస్తాల లెక్క, పిల్లలు పుట్టిన తిథులు. పుస్తకం తిరగేసి వెనకనుంచి తెరిస్తే మరో మూడు పేజీల రాత ఉంది. అవి పాటలు కావు.

"నేను పోయాక దీన్ని కాలవలో వేసెయ్యమంది మీ అమ్మమ్మ. చేతులు రాలేదు. మళ్లీ ఎక్కడిదక్కడే పెట్టేశాను" అంది అమ్మ.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. ఆడవాళ్ల రాతలు ఎందుకు మిగల్లేదు అన్న ప్రశ్న వెంట ఏళ్ల తరబడి తిరిగినదాన్ని. అలాంటి నా చేతికి, పారెయ్యమని రాసినావిడే చెప్పిన పుస్తకం వచ్చింది. నేను చదువుకున్న విశ్వవిద్యాలయంలో రాతప్రతుల సేకరణ ఉంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు. అక్కడ ఇవ్వాలా వద్దా? ఇస్తే ఏం ఇవ్వాలి? కొన్ని నెలలుగా నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే.

మన విశ్వవిద్యాలయాల సేకరణలు ఎలా ఏర్పడ్డాయో గుర్తు చేసుకుంటే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊళ్ల కరణాలను అడిగి రాయించిన కైఫీయతులు మెకంజీ సేకరణలో చేరాయి. వాటినీ బ్రౌన్ దొర పోగుచేసిన తెలుగు ప్రతుల్నీ భద్రపరిచిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలోనే ఉండేది. తిరుపతిలో 1939లో దేవస్థానం పెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ తర్వాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇవి లేకపోతే మన సాహిత్య చరిత్ర సగం ఉండేది కాదు. కానీ కైఫీయతు రాయించేవాడు వీధి అరుగు దగ్గర ఆగి కరణంగారిని అడిగాడు. పెరట్లోకి వెళ్లి ఎవరినీ అడగలేదు. అడగని చోటి నుంచి ఏదీ రాదు.

ఏది దాచదగ్గది అన్న కొలత కూడా ఆ అరుగు మీదిదే. కేంద్ర ప్రభుత్వం 2003లో మొదలుపెట్టిన జాతీయ రాతప్రతుల మిషన్ ఒక నిర్వచనం ఇచ్చింది. చేతిరాత అయి, కనీసం 75 ఏళ్ల నాటిదై, శాస్త్రీయంగానో చారిత్రకంగానో సౌందర్యపరంగానో విలువ ఉన్నది రాతప్రతి. రెవెన్యూ పత్రాల వంటివి అందులోకి రావు. రాతప్రతిలో ఉండాల్సింది జ్ఞానం. 1949కి 75 కలిపితే 2024. అంటే అమ్మమ్మ పుస్తకానికి వయసు సరిపోయింది. మరి చాకలి పద్దు జ్ఞానమా, పత్రమా? ఊర్మిళ పాట పక్కనే ధాన్యం లెక్క ఉంటే పేజీని ఎక్కడ చింపాలి? ఆడవాళ్ల జ్ఞానం ఎప్పుడూ పనిలో కలిసిపోయే ఉంటుంది. విడదీసి చూపమనడమే దాన్ని లేకుండా చెయ్యడం.

ఇక్కడివరకూ నా వాదన తేలిక. తలుపులు తెరవాలి, లోపలికి రానివ్వాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1683లో ఆష్మోలియన్ మ్యూజియం తెరిచింది. 1710లో దాన్ని చూసిన ఒక జర్మన్ పండితుడు, ఆరు పెన్నీలిచ్చి ఆడవాళ్లు కూడా లోపలికి వచ్చేస్తున్నారని, కనబడిందల్లా పట్టుకుంటున్నారని విసుక్కున్నాడు. ఆ ఆడవాళ్లంటే నాకు ఎంత ఇష్టమో! మన బెంగళూరు నాగరత్నమ్మంటే ఇంకా ఇష్టం. 1887లో అచ్చయిన 'రాధికా సాంత్వనము'లో ముద్దుపళని తన గురించి చెప్పుకున్న పీఠికతో పాటు కొన్ని పద్యాల్నీ తీసేశారు. నాగరత్నమ్మ చేతిరాత ప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో పూర్తి పుస్తకం వేసింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం పోలేదు. మూసినదాన్ని తెరవడమే స్త్రీవాద పరిశోధన అని నేను నేర్చుకున్నది ఇలాంటి కథల నుంచే.

కానీ ముద్దుపళనికీ మా అమ్మమ్మకీ ఒక తేడా ఉంది. ముద్దుపళని తన పేరు, తన వంశం గర్వంగా చెప్పుకుని పాఠకుల ముందుకొచ్చింది. ఆవిడ చదవమంది, లోకం మూసింది. అమ్మమ్మ మూయమంది. ఇప్పుడు తెరవాలనుకుంటున్నది నేను.

ఆ పాటలైనా అందరికోసం పాడినవి కావు. మన ఆడవాళ్ల రామాయణపు పాటల మీద వెల్చేరు నారాయణరావుగారు 1991లో రాసిన ఇంగ్లీషు వ్యాసంలో ఈ సంగతే గమనించారు. బ్రాహ్మణ స్త్రీలు ఇంటి లోపల, తమలో తాము పాడుకున్న ఆ పాటల్లో రాముణ్ణి నిలదీసే గొంతు ఉంది. మగవాళ్లు పట్టించుకోకపోవడమే ఆ గొంతుకు రక్ష. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి దీపం వేస్తే రక్ష మిగులుతుందా?

తెరవడం అన్నివేళలా మేలు కాదని మ్యూజియాలే ఒప్పుకుంటున్న కాలం ఇది. ఆక్స్‌ఫర్డ్‌దే మరో మ్యూజియం, పిట్ రివర్స్, వందకు పైగా మానవ అవశేషాల్ని 2020లో ప్రదర్శన నుంచి తీసేసింది. అవి చూపించడానికి ఎవరూ వాటి మనుషుల్ని అడగలేదు. అమ్మమ్మ పేజీలు అలాంటివి కావు, నాకు తెలుసు. కానీ ఆ వార్త చదివినప్పుడు నాకు తట్టిన ప్రశ్న ఒకటే: అడిగారా?

ఇక్కడే నాతో నాకు తగువు. అమ్మమ్మ మూయమన్నది తన ఇష్టంతోనా, భయంతోనా? ఆ పేజీల్లో తాతయ్య ఉన్నాడు. వాటిని దాచితే నేను కాపాడేది అమ్మమ్మ మాటనా, తాతయ్య పరువునా? ఆడదాని మౌనాన్ని గౌరవిస్తున్నాం అనుకుంటూ, ఆ మౌనం ఎవరికి ఉపయోగపడిందో మరిచిపోవడం మనకు బాగా అలవాటు. మావయ్య ఆ మూడు పేజీలు చదవలేదు. "పాటలు ఇచ్చెయ్యండే. దాత అని నాన్న పేరు వేయించండి, బావుంటుంది" అన్నాడు. అమ్మ తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఏ గ్రంథాలయంలోనూ దొరకని పాఠం.

ఆ రాత్రి అమ్మని అడిగాను, ఏం చేద్దామని. చాలాసేపు మాట్లాడలేదు. "నిజంగా కాలవలో వెయ్యడానికే అయితే అంత గుండ్రంగా ఎందుకు రాస్తుందే? గిలికి పడేసేది కదా" అంది. కాసేపాగి, "కానీ నాకు చెప్పింది. ఊరికి చెప్పలేదు" అంది.

నేను ఎటూ తేల్చుకోలేకపోయిన చోట అమ్మ ఒక గీత గీసింది. అమ్మమ్మకి చదివేవాళ్లు కావాలి. ఎవరు చదవాలో మాత్రం తనే ఎంచుకుంది. ఆవిడ జీవితంలో తన చేతిలో ఉన్న నిర్ణయాలు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకదాన్ని, స్త్రీవాదం పేరుతోనే అయినా, నేను లాక్కుంటే ఎలా? ఉన్నదని చెప్పడం వేరు, ఉన్నదంతా విప్పి పరచడం వేరు. మొదటిది చరిత్ర పట్ల నా బాధ్యత. రెండోదానికి నాకు అనుమతి లేదు.

చివరికి చేసింది ఇది. పాటల్నీ పద్దుల్నీ ఒక్క పేజీ విడవకుండా స్కాన్ చేసి విశ్వవిద్యాలయానికి ఇచ్చాం. పుస్తకం అమ్మ దగ్గరే ఉంది. జాబితాలో లేఖకురాలి పేరు ఆవిడ రాసుకున్నట్టే, పుట్టింటివారి ఇంటిపేరుతో రాయించాను. దాత గడిలో అమ్మ పేరు. వివరాల గడిలో ఒక వాక్యం: వెనకనుంచి రాసిన మూడు పేజీలున్నాయి, లేఖకురాలి మాట మేరకు ఇవ్వలేదు. ఖాళీ ఉందని తెలిస్తే చాలు, రేపు ఎవరైనా దాని ముందు ఆగుతారు. ఖాళీని కూడా మాయం చెయ్యడమే ఇన్నాళ్లూ జరిగింది.

ఇది సరైన జవాబని అనను. అక్షరం, కాగితం, మధ్యాహ్నం ఒక గంట తీరిక ఉన్నాయి గనక అమ్మమ్మ దాచుకోగలిగింది. మా పొలంలో నడుములొంచి నాట్లు వేసిన ఆడవాళ్ల పాటలు ఏ ట్రంకుపెట్టెలోనూ లేవు. దాచమనే మాట గానీ పారెయ్యమనే మాట గానీ చెప్పే అవకాశం వాళ్లకి రాలేదు. ఏ జాబితాలోనూ వాళ్లకి ఖాళీ గడి కూడా లేదు. నా ప్రశ్న వాళ్ల దాకా వెళ్లనే లేదని నాకు తెలుసు.

నేను చదివానా ఆ మూడు పేజీలు? చదివాను. అమ్మ పక్కన కూర్చుని, అమ్మ చదవమంటేనే. ఈ వ్యాసంలో వాటిలోని ఒక్క మాట కూడా లేదు.