పాదయాత్రలో పాదరక్ష

కడప పట్టణమునకు చేరువనే దేవుని కడప యను క్షేత్రము కలదు. ఉత్తరదేశము నుండి తిరుమలకు పోవు యాత్రికులు పూర్వము ఇచ్చటి శ్రీలక్ష్మీవేంకటేశ్వరుని సేవించుకొని, ఆయన అనుజ్ఞను పొందిన పిదపనే ముందునకు సాగెడివారు. ఏడుకొండలవాని సన్నిధికి ఇది తొలి గడప యని పెద్దల మాట. నేటికిని ఏటేట కర్నూలు, కడప సీమల నుండి భక్తులు గుంపులు గుంపులుగా కాలినడకన కొండకు పోవుచున్నారు. కడప విడిచినవారు ఒంటిమిట్టలో కోదండరాముని, నందలూరులో సౌమ్యనాథుని దర్శించి, రాజంపేట, రైల్వేకోడూరుల మీదుగా తిరుపతి చేరుదురు. బాట సుమారు 140 కిలోమీటర్లు. కర్నూలు నుండి బయలుదేరినవారికి అది 300 దాటును. అన్నమాచార్యులు నడచిన అడవిబాటనే పట్టి కొండకెక్కువారును కలరు.

వీరిలో పెక్కుమంది చెప్పులు లేకయే నడతురు. రాయలసీమ నేల మెత్తని నేల కాదు. చేనిగట్ల మీద పల్లేరుకాయలు, తుమ్మముండ్లు. బాట ప్రక్కన కంకర. బాట మీద తారు. వేసవి మధ్యాహ్నమున గాలి వేడిమి 40 డిగ్రీలు మించినపుడు తారు వేడిమి 60 డిగ్రీలను దాటుట కలదు. ఎండవేళ గుడి ప్రాంగణములలో నాపరాళ్లపై అడుగు మోపలేక భక్తులు పరుగులిడుటయు, అందుకై పీచుపట్టాలు పరచి నీరు చల్లుటయు ఎల్లరు చూచినదే. మొదటిదినము చెమటతో తడిసిన చర్మము రాపిడికి లోనై బొబ్బలు లేచును. రెండవదినము పిక్కలు బిగియును. ఆ పైన మడమనొప్పి. మడమనుండి వ్రేళ్లవరకు అరికాలి క్రింద విల్లునారివలె నొక నరపుపట్టీ యుండును. అది అలసి వాచినచో, రాత్రియంతయు విశ్రమించి ఉదయమున వేయు తొలి అడుగే మిక్కిలి బాధాకరమగును. ఇవి యన్నియు ఆరోగ్యవంతులకు కొంతకాలమునకు మానెడి బాధలు. అందువలన వీనిని గూర్చి ధర్మవిచారము అక్కరలేదు. విచారము కావలసినది వేరొక చోట.

మైదుకూరు ప్రాంతమున నొక రైతు ఉన్నాడనుకొందము. అరువది దాటిన వయస్సు. మనుమనికి తీవ్రమైన జ్వరము వచ్చినపుడు, చెప్పులు లేకుండ నడచి కొండకు వచ్చెదనని స్వామికి మ్రొక్కుకొనెను. పిల్లవాడు కోలుకొనెను. కాని రైతునకు పదేండ్లుగా మధుమేహము. ఇంటిలో సయితము వట్టికాళ్లతో తిరుగరాదని వైద్యుడు ముందే చెప్పియున్నాడు. కారణము స్పష్టము. ఆ వ్యాధి ముదిరినపుడు పాదములలోని నరములు మొద్దుబారును. ముల్లు దిగినను, తారు కాల్చినను తెలియదు. తెలియని గాయమునకు చికిత్స యుండదు. చీముపట్టి, వ్రేలు తీసివేయవలసి వచ్చును. ఒక్కొక్కప్పుడు పాదమే పోవును. "మామా, మొక్కు మీదే గానీ, కాలు పోతే ఈ ఇంట్లో ఎవురు తట్టుకుంటారు?" అని కోడలు కంటనీరు పెట్టుకొనును. తోడువచ్చు వృద్ధుడొకడు, "ఏమప్పా, చెప్పులేసుకోని నడిచేదానికి బస్సెక్కి పోతే సరిపాయె గదా!" అనును. ఇరువురి మాటల నడుమ ఆ రైతు రాత్రియంతయు నిద్రలేక పొరలును. పాదరక్ష ధరించి నడచినచో మ్రొక్కు చెల్లునా?

వృద్ధుని మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. తోటిమనుష్యునకు ఇచ్చిన మాటనే తప్పరాదన్నప్పుడు దేవునికిచ్చిన మాట మాటేమి? అదియునుగాక, సుఖము కోరు మనస్సు ఎప్పుడును ఏదో యొక శాస్త్రవాక్యమును వెదకికొనుచునే యుండును. నేడు చెప్పులు, రేపు వాహనము, మరునాడు యాత్రయే వాయిదా. ఈ భయము నిజమైనది. దీనికి సమాధానము చెప్పనిదే రైతునకు ఊరట కలుగదు.

ముందుగా కడపసీమ బిడ్డయే యగు అన్నమాచార్యుల వృత్తాంతమును చూడదగును. 1408వ సంవత్సరమున తాళ్లపాకలో జన్మించిన ఆ మహనీయుడు బాల్యమున ఒంటరిగా కొండకు బయలుదేరిన కథను ఆయన మనుమడు చిన్నన్న ద్విపదకావ్యముగా వ్రాసెను. బాలుడు చెప్పులతోనే మెట్లెక్కి, ఆకటితో డస్సి, వెదురుపొద క్రింద సొమ్మసిల్లి పడెను. అలమేలుమంగ ముదుసలి ముత్తైదువగా వచ్చి, ఈ కొండ సాలగ్రామమయము, చెప్పులతో త్రొక్కరాదు, వానిని విడువుమని బోధించి, తన ప్రసాదముతో వాని ఆకలి తీర్చెను. చెప్పులు కూడదనువారు ఈ కథనే సాక్ష్యముగా చూపుదురు. కాని శ్రద్ధగా చదివిన వేరొకటి తోచును. తాళ్లపాక నుండి కొండ వరకు బాలుడు చెప్పులతో నడచినందులకు అమ్మ యొక్కమాటయు అనలేదు. ఆమె విడువుమన్నది కొండ మీద. విడువుమన్న కారణము కొండ పవిత్రత, బాలుని పాదములు బాధపడవలెనని కాదు. పైగా మొదట కనిపెట్టినది వాని ఆకలిని. స్థలమర్యాద వేరు, శరీరదండనము వేరు. ఈ రెంటిని ఒకటిగా తలచుటవలననే చిక్కంతయు వచ్చుచున్నది.

శ్రీవైష్ణవ సంప్రదాయము పాదరక్షను అల్పవస్తువుగా ఎన్నడును చూడలేదు. భరతుడు పదునాలుగేండ్లు రాజ్యమేలించినది పాదుకలచేత. శ్రీరంగనాథుని పాదుకల మీద వేదాంతదేశికులు రచించిన పాదుకాసహస్రము 1008 శ్లోకముల గ్రంథము. ప్రతి వైష్ణవాలయమునందు భక్తుని తలపై నుంచు శఠారి భగవత్పాదుకయే గదా! స్వామి తన పాదములకు పాదుకలుండుటకు సమ్మతించి, భక్తుని పుండుకాలికి మాత్రము వలదనునా?

ఇక సిద్ధాంతము. గీత పదునేడవ యధ్యాయమున శారీరతపస్సును వివరించుచోట దేవగురుపూజ, శౌచము, ఆర్జవము, బ్రహ్మచర్యము, అహింస మున్నగునవి చెప్పబడినవి గాని, నొప్పి యన్నది ఆ పట్టికలో లేదు. అహింస మాత్రము ఉన్నది. అంతేకాదు, శరీరమును వృథాగా కృశింపజేయువారు లోనున్న తననుకూడ బాధించుచున్నారని అదే యధ్యాయమున భగవానుడు నిష్ఠురముగానే పలికెను. రామానుజుల మతమున చేతనాచేతనములన్నియు నారాయణునకు శరీరములు; జీవుడు ఆయనకు శేషభూతుడు. అట్లయినచో ఈ పాదము ఎవరిది? ప్రపన్నుడు తనది కాని సొత్తును తన యిష్టము వచ్చినట్లు పాడుచేయుటకు ఏ యధికారము కలదు? ఆ రామానుజులే ఈ కొండ ఆదిశేషుడని యెంచి, పాదము మోపుటకు జంకి, మోకాళ్లతో ఎక్కిరని సంప్రదాయము చెప్పును. ఇది ప్రతికూలదృష్టాంతము కాదు. ఆయన కోరినది కొండకు అపచారము జరుగకుండుట. మోకాళ్ల బాధ దానివెంట వచ్చినది. దానిని ఆయన స్వామికి కానుకగా తేలేదు.

లౌకికమైన పరుగుపందెములలోను ఇట్టి విషయమొకటి కనబడును. 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్ పరుగును 1960లో రోము నగరమున ఇథియోపియా దేశీయుడగు అబెబె బికిలా వట్టికాళ్లతో పరుగెత్తి గెలిచెను. లోకమెల్ల ఆ పాదములను పొగడెను. 1964లో టోకియోలో ఆయనయే బూట్లు ధరించి పరుగెత్తి, మునుపటికన్న తక్కువ కాలములో మరల గెలిచెను. మొదటి గెలుపు గొప్పది, రెండవది తక్కువది యని ఎవరును అనలేదు. నేడు పోలీసు ఉద్యోగములకై 1600 మీటర్ల పరుగును అభ్యసించు మన సీమ యువకులకు సైతము తెలిసిన సంగతి యొకటి కలదు: క్రొత్త బూట్లతో పరీక్షకు పోరాదు, పాదము నొచ్చినపుడు ఒకదినము ఆగిన మేలు. ఉద్యోగము కొరకు పరుగెత్తువానికి గల ఈ వివేకము దేవుని కొరకు నడచువానికి ఉండరాదా? వట్టికాళ్లతో ఇన్నిమార్లు వచ్చితినని లెక్కించి చెప్పుకొనుట యాత్రికులలోను వినవచ్చుచున్నది. అట్టివారి పాదములకు బొబ్బలు లేకపోయినను వేరొకచోట వాపు కలదు.

వ్రతశాస్త్రమును పరిశీలించినచో రైతునకు సూటియైన సమాధానమే లభించును. వ్రతమును భంగపరచనివని పెద్దలు ఎనిమిదింటిని లెక్కించిరి. వానిలో ఔషధము ఒకటి, గురువాక్యము మరియొకటి. ఉపవాసమున్న రోగి మందు పుచ్చుకొన్న ఉపవాసము చెడదు. వైద్యుడు విధించిన పాదరక్ష ఆ రోగికి అలంకారము కాదు, ఔషధమే. అశక్తుడైనవానికి బదులు పుత్రుడో, భార్యయో, సోదరుడో వ్రతమును పూర్తిచేయవచ్చుననియు నిబంధనకారులు అంగీకరించిరి. అహోబిలమున కనుమనాడు ఆరంభమగు పారువేట యుత్సవమున జ్వాలానరసింహుడును ప్రహ్లాదవరదుడును పల్లకిలో నలువదిదినములకు పైగా పల్లెపల్లెకు తిరుగుదురు. ఒక బోయీ భుజము అలసినపుడు మరియొకడు భుజమిచ్చును. పల్లకి దిగినదని ఎవరైన అందురా?

అయినను వృద్ధుని భయమునకు చోటు మిగిలియే యున్నది. ఆరోగ్యవంతుడు ఎండకు ఓర్వలేక ఇదే వాక్యమును అడ్డుపెట్టుకొన్నచో అది ఔషధము కాదు, వంచన. ఇరువురి కాళ్లకు ఒకేవిధమైన బూట్లున్నను లోని సంగతి వేరు. ఈ భేదమును బయటివారు నిర్ణయింపలేరు, నిర్ణయింపబూనుటయు తగదు. ఇంకొక మాట కూడ నిజము. రైతు తాను పలికినదానిని పలికినట్లు చెల్లింపలేకపోవుచున్నాడు. శాస్త్రము దోషము లేదన్నను ఆ వెలితి ఆతని మనస్సున ఉండును. దానిని వాదముతో తుడిచివేయుట సాధ్యము కాదు, అవసరమును కాదు. బాటపొడవునను ఆ వెలితిని స్వామికే చెప్పుకొనుచు నడచుటకు ఆతనికి అడ్డెవరు?

అట్లు బయలుదేరువాడు పాతబడి పాదమునకు అలవడిన బూట్లనే తొడుగవలెను, లోన నూలు మేజోళ్లు వేసికొనవలెను. తెల్లవారుజామున, సాయంకాలమున నడచి, ఎండవేళ చింతచెట్టు నీడనో సత్రమునందో ఆగవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ వెంట నుండవలెను. ఆకలితో మాత్రము నడువరాదు, మధుమేహపు మందు పుచ్చుకొనువారికి అది మరియు ప్రమాదము. బొబ్బ లేచినచో పైపొరను పెరికివేయక శుభ్రముగా కట్టు కట్టవలెను. రాత్రి బసలో పాదములు కడిగి, వ్రేళ్లసందులు తడి లేకుండ తుడిచి, అరికాలి క్రింద చిన్న అద్దము పట్టి దీపపు వెలుగున చూచుకొనవలెను. స్పర్శ తెలియని పాదమునకు కన్నులే కాపరులు.

ఆరవనాడో ఏడవనాడో ఆ రైతు అలిపిరి చేరును. అచ్చట పాదాల మండపమున భక్తులు స్వామి లోహపాదుకలను తలపై నుంచుకొని ప్రదక్షిణము చేయుదురు. రైతు బూట్లు విడిచి, సంచిలో పెట్టి, తోడువచ్చిన వృద్ధుని చేతికిచ్చును. వృద్ధుడు ఏమియు అనక ఆ సంచిని చంకనిడుకొనును. రైతు పాదుకలను తలకెత్తుకొని నెమ్మదిగా చుట్టు తిరిగివచ్చి, అరుగుపై కూర్చుండి, మరల అద్దము కొరకు చేయి చాచును.