సంతకం లేని ఇల్లాలు

అద్దె ఒప్పందం ఉల్లంఘన అనగానే చట్టానికి ఇద్దరే కనిపిస్తారు: ఇంటి యజమాని, సంతకం చేసిన అద్దెదారు. అద్దె ఎగ్గొడితే యజమాని ఖాళీ చేయించమని దావా వేస్తాడు. కోర్టుకెళ్లకుండా సామాన్లు రోడ్డున పడేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అద్దెదారు ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి పొందొచ్చు. మరి సంతకం చేసిన భర్త భార్యని వదిలి, అద్దె మానేసి పోతే? మాట తప్పింది అతను. వీధిన పడేది ఆమె.

2005లో ఒక బెంగుళూరు కేసులో సుప్రీంకోర్టు ముందుకి ఈ ప్రశ్నే వచ్చింది. భర్త వదిలేసిన భార్య, అద్దెదారుగా అతనికున్న బాధ్యతలు తలకెత్తుకుని, ఆ దావాలో తన వాదన వినిపించుకోవచ్చంది కోర్టు. విడాకులైపోతే మాత్రం, నివాసహక్కు ముందే రాయించుకోకపోతే, ఆ అవకాశం లేదు. ఆ కేసులో ఆమెకి జరిగిందీ అదే. నన్ను కలవరపెట్టేది ఇక్కడే. ఆమె హక్కు ఆ ఇంట్లో బతికిన ఏళ్ల నుంచి రాలేదు, భార్య అన్న హోదా నుంచి వచ్చింది. హోదా పోగానే ఇల్లూ పోయింది.

అదే ఏడాది చేసిన గృహహింస చట్టం కింద, కలిసి బతికిన అద్దె ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. వేరే ఇంటికి అద్దె కట్టమని భర్తని ఆదేశించనూవచ్చు. పారిపోయినవాడిని వెతికి వసూలు చేసుకునే పని ఎవరిది? అలాగని యజమానిని భరించమనలేను. ఆ అద్దె మీదే బతికే ముసలావిడ కావచ్చు.

పదకొండు నెలలకోసారి కాగితం తిరగరాస్తాం కదా, రెండో సంతకానికీ చోటుంటుంది. అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అంటారు. యజమాని సంతకం అడిగినప్పుడు ఆ మాట అనరు. సంతకంతో బాకీ కూడా ఆమె నెత్తిన పడుతుంది, నిజమే. ఇప్పుడు మాత్రం ఎవరు కడుతున్నారు?